అభ్యర్థి ప్రాధాన్యాల పట్టికను చదవడం ఎలా?
పౌర పాఠం: పార్లమెంటు సభ్యుడు, చెన్నై నగరం, తెలుగు ఓటరు

ఎన్నికల ప్రకటన వెలువడిన నాటినుండి పోలింగు ముందు రోజువరకు నగరంలోని ప్రతి ఇంటి గడపకూ కరపత్రాలు చేరుతాయి. వాటిలో అభ్యర్థి ఛాయాచిత్రం, గుర్తు, వాటి క్రింద "నియోజకవర్గానికి నా ప్రాధాన్యాలు" అనే పట్టిక ఉంటాయి. వీధి దీపాలు, త్రాగునీరు, మెట్రో రైలు, వరద నివారణ, ఉపాధి, పాఠశాలలు అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. పట్టికలోని అంశాలన్నీ అవసరమైనవే కావచ్చు. అయితే వాటిలో ఏవి పార్లమెంటు సభ్యుడి పరిధిలోనివి, ఏవి శాసనసభ్యుడివి, ఏవి వార్డు కౌన్సిలరువి అన్న సంగతి ఆ పట్టిక చెప్పదు. ఆ వివేచన చదువరి స్వయంగా చేసుకోవలసిందే. అందుకు కావలసిన పద్ధతిని చెన్నై నగరపు నిజమైన ఉదాహరణలతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. ఏ పార్టీని గాని, ఏ అభ్యర్థిని గాని సమర్థించడం, విమర్శించడం దీని పని కాదు.

1. మూడు సభలు, మూడు ఓట్లు

చెన్నైలో నివసించే ఓటరు మూడు వేర్వేరు సభలకు ప్రతినిధులను ఎన్నుకుంటాడు.

మొదటిది నగరపాలక సంస్థ. 1688లో ఏర్పడిన ఈ సంస్థ దేశంలోని నగరపాలక సంస్థలన్నిటిలోను పురాతనమైనది. త్యాగరాయ నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ శెట్టి ఈ సంస్థకే అధ్యక్షుడిగా పనిచేశారు. 2011లో పరిసర స్థానిక సంస్థలను విలీనం చేసుకున్న తరువాత నగర విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లకు, వార్డుల సంఖ్య 200కు పెరిగింది. చెత్త సేకరణ, వీధి దీపాలు, లోపలి రోడ్లు, వర్షపు నీటి కాలువలు, నగరపాలక పాఠశాలలు, జనన మరణాల నమోదు ఈ సంస్థ పనులు.

రెండవది రాష్ట్ర శాసనసభ. పోలీసు, భూమి, ఆరోగ్యం, నీటి సరఫరా, బస్సులు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వ బాధ్యతలు. చెన్నైకి త్రాగునీరు, మురుగునీటి పారుదల చూసే మెట్రో వాటర్ బోర్డు కూడా రాష్ట్ర చట్టం ద్వారా 1978లో ఏర్పడినదే.

మూడవది లోక్‌సభ. అందులోని 543 స్థానాలలో తమిళనాడుకు 39 ఉన్నాయి. చెన్నై పేరుతో ఉన్నవి మూడు: ఉత్తర చెన్నై, మధ్య చెన్నై, దక్షిణ చెన్నై. ఒక్కొక్క దానిలో ఆరు శాసనసభ స్థానాలున్నాయి. తిరువొత్తియూర్, డాక్టర్ రాధాకృష్ణన్ నగర్, పెరంబూర్, కొళత్తూర్, తిరు వి.క. నగర్, రాయపురం ఉత్తర చెన్నైలోనివి. విల్లివాక్కం, ఎగ్మూరు, హార్బర్, చేపాక్-తిరువల్లిక్కేణి, థౌజండ్ లైట్స్, అన్నానగర్ మధ్య చెన్నైలోనివి. విరుగంబాక్కం, సైదాపేట, త్యాగరాయ నగర్, మైలాపూరు, వేలచ్చేరి, షోలింగనల్లూర్ దక్షిణ చెన్నైలోనివి. చదువరి ముందుగా తన నివాసం ఏ నియోజకవర్గంలో ఉన్నదో గుర్తించాలి. కొరుక్కుపేటలో ఉన్నవారికీ వేలచ్చేరిలో ఉన్నవారికీ అభ్యర్థులు వేరు, సమస్యలూ వేరు.

2. పార్లమెంటు సభ్యుడి పనిముట్లు

తాపీ మేస్త్రీ చేతిలో తాపీ, తూకపు గుండు ఉన్నట్లే పార్లమెంటు సభ్యుడి చేతిలోనూ కొన్ని పనిముట్లు ఉంటాయి. హామీ విలువను వాటితోనే కొలవాలి.

ప్రశ్న: లోక్‌సభ సమావేశపు మొదటి గంట ప్రశ్నలకు కేటాయించినది. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి సమాధానం చెబుతారు. అనుబంధ ప్రశ్నలు కూడా అడగవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు వ్రాతపూర్వకమైన జవాబు వస్తుంది. ఆ జవాబు ప్రభుత్వ రికార్డు అవుతుంది. ఎవరైనా దానిని చదవవచ్చు.

ప్రస్తావన: శూన్య గంటలోను, 377వ నియమం క్రిందను నియోజకవర్గ సమస్యను సభ దృష్టికి తేవచ్చు.

స్థాయీ సంఘం: రైల్వేలు, పట్టణాభివృద్ధి, కార్మిక వ్యవహారాలు వంటి శాఖల పనిని, పద్దులను పరిశీలించే 24 శాఖాపరమైన సంఘాలున్నాయి. సభ్యుడు ఏ సంఘంలో ఉన్నారు, అక్కడ ఏమి అడిగారు అన్నది ముఖ్యం.

చట్టం, బడ్జెటు: బిల్లులపై చర్చించడం, సవరణలు ప్రతిపాదించడం, ఓటు వేయడం సభ్యుడి మౌలిక కర్తవ్యం. కరపత్రాలలో అతి తక్కువగా కనిపించేది కూడా ఇదే.

నియోజకవర్గ నిధి: ఎంపీ స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం 1993 డిసెంబరులో ప్రారంభమైంది. 2011-12 నుండి ఒక్కొక్క సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయలు కేటాయించే ఏర్పాటు ఉంది. సభ్యుడు పనిని సిఫారసు చేస్తారు. మంజూరు చేసి చేయించేది జిల్లా అధికార యంత్రాంగం. సమాజమంతటికీ ఉపయోగపడే శాశ్వత నిర్మాణాలకే ఈ నిధి వర్తిస్తుంది. వ్యక్తులకు పంచిపెట్టడానికి వీలు లేదు.

ఈ చివరి పనిముట్టు గురించి ఒక చిన్న లెక్క. 2024లో దక్షిణ చెన్నైలో ఓటర్లు దాదాపు 20 లక్షల మంది. 5 కోట్ల రూపాయలను 20 లక్షలతో భాగిస్తే ఏడాదికి ఒక్కొక్క ఓటరు వంతుకు 25 రూపాయలు వస్తుంది. ఆ సొమ్ముతో పాఠశాలకు తరగతి గది, బస్సు ఆగే చోట నీడ, ఆసుపత్రికి ఒక పరికరం సాధ్యమే. నగరపు వరద కాలువల వ్యవస్థను మార్చడం సాధ్యం కాదు. "నా నిధులతో నియోజకవర్గ రూపురేఖలు మారుస్తాను" అని వ్రాసి ఉంటే చదువరి ఈ లెక్కను జ్ఞాపకం చేసుకోవాలి.

3. నాలుగు ప్రశ్నలు

పట్టికలోని ప్రతి హామీని ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

ఒకటి: ఈ పని ఎవరి అధికారంలో ఉంది?
రెండు: దీనికి సొమ్ము ఎక్కడినుండి వస్తుంది?
మూడు: అభ్యర్థి ఏ పనిముట్టును వాడతానంటున్నారు?
నాలుగు: ఐదేళ్ల తరువాత దేనిని చూసి పని జరిగిందని, జరగలేదని చెప్పగలం?

నాలుగింటికీ జవాబు దొరికితే అది ప్రణాళిక. ఒక్కదానికీ దొరకకపోతే అది ఆకాంక్ష మాత్రమే. చెన్నైలో తరచుగా వినిపించే ఐదు అంశాలకు ఈ ప్రశ్నలను అన్వయించి చూద్దాం.

4. చెన్నై ఉదాహరణలు

(అ) మెట్రో రైలు

చెన్నై మెట్రో మొదటి రైలు 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరు మధ్య నడిచింది. రెండవ దశలో మూడు మార్గాలు, మొత్తం 118.9 కిలోమీటర్లు ప్రతిపాదించారు. 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 2021-22 కేంద్ర బడ్జెటు ప్రసంగంలో 63,246 కోట్ల రూపాయల అంచనాతో ఈ పథకం ప్రస్తావనకు వచ్చింది. కేంద్ర మంత్రివర్గ ఆమోదం మాత్రం 2024 అక్టోబరు 3న లభించింది. నడుమ కాలంలో పనుల భారం ప్రధానంగా రాష్ట్రం మీద, రాష్ట్రం సమకూర్చుకున్న అప్పుల మీద పడింది.

మెట్రో సంస్థ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ. కనుక మొదటి ప్రశ్నకు జవాబు "ఇద్దరిదీ" అని వస్తుంది. ఇటువంటి చోట పార్లమెంటు సభ్యుడికి నిజమైన పని ఉంటుంది. ఆమోదం ఎందుకు ఆగింది, కేంద్రపు వాటా ఎంత, ఎప్పుడు విడుదలవుతుంది అని సభలో అడిగి వ్రాతపూర్వకమైన జవాబు రాబట్టవచ్చు. "మెట్రో తెస్తాను" అనే మాటకన్నా "కేంద్రపు వాటా విడుదలను ప్రతి సమావేశంలో అడుగుతాను" అనే మాట చిన్నది. ఐదేళ్ల తరువాత లెక్క చూడగలిగేది ఆ చిన్న మాటనే.

(ఆ) త్రాగునీరు

తెలుగు చదువరికి ఈ అంశం ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. చెన్నై నగరానికి నీరిచ్చే మార్గాలలో ఒకటి కృష్ణానది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు ఒక్కొక్కటి 5 టీఎంసీల వంతున మద్రాసుకు నీరివ్వడానికి అంగీకరించాయి. 1983 ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మధ్య ఒప్పందం కుదిరింది. అప్పుడు ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ఆయా రాష్ట్రాల ముఖ్యమంత్రులు. పథకానికి తెలుగు గంగ అని పేరు. మొత్తం 15 టీఎంసీలలో ఆవిరి నష్టం పోను 12 టీఎంసీలు సరిహద్దుకు చేరాలన్నది లెక్క. నీరు శ్రీశైలం నుండి సోమశిల, కండలేరు మీదుగా పూండి జలాశయానికి వస్తుంది. తొలిసారిగా 1996లో చెన్నై వైపు నీరు చేరింది. ఒప్పందం మేరకు పూర్తి పరిమాణం ప్రతి ఏడూ రాదు. ఎగువ జలాశయాలలో నీరున్న ఏడు ఒక తీరు, లేని ఏడు మరొక తీరు.

2019 వేసవిలో నగర జలాశయాలు ఎండిపోయినప్పుడు జోలార్‌పేట నుండి రైలులో నీరు తెప్పించవలసి వచ్చింది. సముద్రపు నీటిని శుద్ధి చేసే కేంద్రాలు మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో ప్రారంభమయ్యాయి. ఒక్కొక్క దాని సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్లు. నెమ్మేలిలో 15 కోట్ల లీటర్ల రెండవ కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది.

నీటి సరఫరా రాష్ట్ర జాబితాలోనిది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలోనిది. కాబట్టి "మీ వీధికి కుళాయి వేయిస్తాను" అనే హామీ పార్లమెంటు అభ్యర్థి నోట సరిపోదు. అది మెట్రో వాటర్ బోర్డు పని. "కృష్ణా జలాల ఒప్పందం అమలును, కాలువ మరమ్మతును కేంద్ర జలశక్తి శాఖ ముందుంచుతాను" అనేది ఆయన పరిధిలోని మాట. కండలేరు కాలువకు ఒక చివర నెల్లూరు జిల్లా రైతు, మరొక చివర చెన్నై గృహిణి ఉన్నారు. చెన్నైలోని తెలుగు కుటుంబాలలో ఇద్దరి బంధువులూ ఉండవచ్చు. ఇద్దరి అవసరాన్నీ గుర్తించిన అభ్యర్థి విషయాన్ని అధ్యయనం చేశారని భావించవచ్చు.

(ఇ) వరద, చిత్తడి నేల

2015 డిసెంబరు వరదలను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానును నగరం మరచిపోలేదు. వర్షపు నీటి కాలువలు నగరపాలక సంస్థవి. పెద్ద కాలువలు, నదులు, చెరువులు రాష్ట్ర జలవనరుల శాఖవి. అయినా సొమ్ము విషయంలో కేంద్రానికి పాత్ర ఉంది. 2023 డిసెంబరులో చెన్నైకి 561.29 కోట్ల రూపాయల సమగ్ర పట్టణ వరద నివారణ పథకాన్ని కేంద్రం ఆమోదించింది. ఇందులో 500 కోట్లు జాతీయ విపత్తు ఉపశమన నిధి నుండి వచ్చే సహాయం.

దక్షిణ చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేల వాన నీటిని తనలో నింపుకొని నెమ్మదిగా సముద్రానికి పంపుతుంది. ఒకవైపు పెరుంగుడి చెత్త దిబ్బ, మరొకవైపు కట్టడాలు దానిని చాలవరకు కుదించాయి. 2022లో ఈ ప్రాంతం అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. గుర్తించిన విస్తీర్ణం దాదాపు 1,248 హెక్టార్లు. చెత్త దిబ్బను తొలగించడం నగరపాలక సంస్థ పని. చిత్తడి నేలల నియమాలు కేంద్ర పర్యావరణ శాఖవి. ఈ అంశంపై అభ్యర్థి హామీని చదివేటప్పుడు "సుందరీకరణ" అని వ్రాశారా, "నీరు నిలిచే విస్తీర్ణాన్ని కాపాడడం" అని వ్రాశారా అన్నది గమనించాలి. మొదటిది నడకబాటను, రెండవది వేలచ్చేరి ఇళ్లలోకి నీరు రాకుండా ఉండడాన్ని సూచిస్తుంది.

(ఈ) మాతృభాషలో చదువు

తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక తరగతికి విస్తరిస్తూ 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మలయాళం మాతృభాషలుగా గల విద్యార్థుల పక్షాన మినహాయింపు కోరుతూ న్యాయస్థానాలలో వ్యాజ్యాలు నడిచాయి. వేర్వేరు సంవత్సరాలకు మినహాయింపులు కూడా లభించాయి.

ఈ చట్టం శాసనసభ చేసినది. దీనిని పార్లమెంటు సభ్యుడు "రద్దు చేయిస్తాను" అనడం అతని పరిధిని మించిన మాట. ఆయన చేయగల పని వేరే ఉంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని చెబుతుంది. 350-బి అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల అమలును పరిశీలించే ప్రత్యేక అధికారి ఉంటారు. వారి నివేదికలు పార్లమెంటు ముందుకు రావాలి. చెన్నైలో తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలు ఎన్ని, పాఠ్యపుస్తకాలు సకాలంలో అందుతున్నాయా అన్న ప్రశ్నలను ఈ మార్గంలో లేవనెత్తవచ్చు. తమిళం నేర్చుకోవడం నగర జీవితానికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. తెలుగు నిలుపుకోవడం దానికి విరోధం కాదు. రెండింటికీ చోటు కోరే అభ్యర్థి మాట ఆచరణకు దగ్గరగా ఉంటుంది.

(ఉ) వలస కార్మికుడి రేషను, రైలు

ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు ఏర్పాటులో తమిళనాడు 2020 అక్టోబరులో చేరింది. జాతీయ ఆహార భద్రతా చట్టం క్రింద ఆంధ్రప్రదేశ్‌లో గాని, తెలంగాణలో గాని కార్డు గల కుటుంబం తన వంతు ధాన్యాన్ని చెన్నైలోని చౌకధరల దుకాణంలో తీసుకోవచ్చు. భవన నిర్మాణంలో పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. వేలిముద్ర సరిపోలకపోవడం, సరకు లేదనడం వంటి చిక్కులు కేంద్ర పథకం అమలుకు చెందినవి, సభలో అడగదగినవి. రైల్వేలు పూర్తిగా కేంద్ర జాబితాలోనివి. గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వైపు వెళ్లే రైళ్ల సంఖ్య, వేళలు, సాధారణ తరగతి పెట్టెల సంఖ్య పార్లమెంటు సభ్యుడు నేరుగా అడగగల అంశాలు. 2023 సెప్టెంబరులో చెన్నై-విజయవాడ మధ్య వందే భారత్ రైలు ప్రారంభమైంది. పండుగకు ఊరికి వెళ్లే కూలీ ప్రయాణించేది మాత్రం సాధారణ పెట్టెలోనే. హామీలో "కొత్త రైలు" అని ఉంటే అది ఏ తరగతి ప్రయాణికుడి కోసమో చూడాలి.

5. మాటను గతంతో సరిపోల్చడం

2024 ఏప్రిల్ 19న జరిగిన ఎన్నికలలో దక్షిణ చెన్నై పోటీ ఈ పాఠానికి మంచి ఉదాహరణ. ద్రావిడ మున్నేట్ర కళగం తరఫున 2019లో ఇక్కడ గెలిచిన తమిళచ్చి తంగపాండియన్, అన్నాడీఎంకే తరఫున 2014లో ఇక్కడే గెలిచిన జె. జయవర్ధన్, భారతీయ జనతా పార్టీ తరఫున తెలంగాణ గవర్నరు పదవికి ఆ ఏడాది మార్చిలో రాజీనామా చేసి వచ్చిన తమిళిసై సౌందరరాజన్ ప్రధాన అభ్యర్థులు. తమిళచ్చి తంగపాండియన్ మళ్లీ గెలిచారు. ఈ ముగ్గురిలో ఇద్దరికి అదే నియోజకవర్గం నుండి ఐదేళ్ల పార్లమెంటు రికార్డు అప్పటికే ఉంది. అటువంటి అభ్యర్థి విషయంలో ఓటరు కరపత్రంతో ఆగిపోనక్కరలేదు. సభలో ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఏ అంశంపై అడిగారు, నిధిని దేనికి సిఫారసు చేశారు అన్నవి బహిరంగంగా లభిస్తాయి. మరొక పదవి నిర్వహించి వచ్చినవారిని ఆ పదవిలోని పనిని బట్టి చూడవచ్చు. మొదటిసారి పోటీ చేసేవారికి నాలుగు ప్రశ్నలే కొలబద్ద.

ప్రతి అభ్యర్థీ నామినేషనుతోపాటు తన ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు, క్రిమినల్ కేసుల వివరాలతో ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో ఈ మార్గం ఏర్పడింది. ఎన్నికల హామీల విషయంలో తమిళనాడుకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 జూలై 5న తీర్పు చెప్పింది. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానం చట్టప్రకారం అవినీతి చర్య కాదంటూనే, ప్రణాళికలకు మార్గదర్శకాలు రూపొందించాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ తరువాత చేరిన నియమం ప్రకారం వాగ్దానానికి కారణాన్ని, దానికి సొమ్ము సమకూర్చే మార్గాన్ని స్థూలంగానైనా తెలపాలి. రెండవ ప్రశ్న అడిగే హక్కు ఓటరుకు ఉన్నదని దీని తాత్పర్యం.

6. ఓటు ఎక్కడ ఉంది?

పై వివేచన అంతా ఒక్క విషయంపై ఆధారపడి ఉంది: చదువరి పేరు చెన్నై ఓటర్ల జాబితాలో ఉండాలి.

2024లో తమిళనాడు మొత్తంమీద దాదాపు 70 శాతం పోలింగు నమోదు కాగా, ఉత్తర చెన్నైలో 60, మధ్య, దక్షిణ చెన్నైలలో సుమారు 54 శాతమే నమోదైంది. అదే ఏడాది మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పోలింగు జరిగింది. చెన్నైలో ఉంటున్న తెలుగువారిలో చాలామంది బస్సులు, రైళ్లు ఎక్కి సొంత ఊళ్లకు వెళ్లి ఓటు వేసి వచ్చారు. పుట్టిన ఊరితో బంధం గౌరవించదగినదే. చట్టం మాత్రం "సాధారణ నివాసం" ఎక్కడ ఉంటే అక్కడే ఓటు అంటుంది. రెండు చోట్ల పేరు ఉండకూడదు. సొంత ఇల్లు లేకపోవడం అడ్డంకి కాదు. అద్దె ఇంట్లో ఉన్నవారికీ నమోదు హక్కు ఉంది.

మొదటిసారి నమోదు చేసుకునేవారు ఫారం 6, ఒక చోటినుండి మరొక చోటికి పేరు మార్చుకునేవారు ఫారం 8 దాఖలు చేయాలి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల 1వ తేదీలలో దేనినాటికైనా 18 ఏళ్లు నిండినవారు అర్హులు. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. చెత్త, వీధి దీపం, కాలువ వంటి నగరపాలక ఫిర్యాదులకు 1913 నంబరు ఉంది; వాటికోసం ఎన్నికల దాకా ఆగవలసిన పని లేదు.

ఓటు ప్రకాశం జిల్లాలో, కాపురం పెరంబూరులో ఉన్న కుటుంబాన్ని ఊహించవచ్చు. వారి వీధిలో నీరు నిలిచినా, పిల్లల బడిలో తెలుగు పంతులు లేకపోయినా, దుకాణంలో రేషను అందకపోయినా జవాబుదారీగా ఉండవలసిన ప్రతినిధికి వారు ఓటర్లు కారు. వారు ఓటు వేసిన ప్రతినిధికి పెరంబూరు సమస్య పరిధిలోనిది కాదు. ఏ ఊరి నీరు త్రాగుతూ, ఏ ఊరి బడికి పిల్లలను పంపుతూ ఉన్నారో ఆ ఊరి పట్టికను ప్రశ్నించే అర్హత ఓటుతోనే వస్తుంది.

అభ్యాసం

క్రింది హామీలలో ప్రతిదీ ప్రధానంగా ఎవరి పరిధిలోనిదో గుర్తించండి.
1. వార్డులో ప్రతిరోజు చెత్త సేకరణ.
2. సూళ్లూరుపేట మార్గంలో అదనపు రైళ్లు.
3. పోలీసు స్టేషనులో అదనపు సిబ్బంది.
4. మెట్రో రెండవ దశకు కేంద్రపు వాటా.
5. నగరపాలక పాఠశాలకు ఎంపీ నిధితో తరగతి గది.
6. ప్రతి ఇంటికీ ఉచితంగా గృహోపకరణం, ఎంపీ నిధితో.

జవాబులు: 1. నగరపాలక సంస్థ. 2. కేంద్రం, పార్లమెంటు సభ్యుడు నేరుగా అడగవచ్చు. 3. రాష్ట్రం. 4. కేంద్రం, సభలో ప్రశ్న వేయదగినది. 5. పార్లమెంటు సభ్యుడి సిఫారసు, జిల్లా యంత్రాంగం మంజూరు. 6. ఎవరి పరిధిలోనిదీ కాదు. ఆ నిధిని వ్యక్తులకు పంచడానికి నియమాలు అనుమతించవు.

ఇంటికి వచ్చిన కరపత్రాన్ని పారవేయకుండా భద్రపరచుకోవడం ఈ పాఠానికి చివరి అభ్యాసం. ఐదేళ్ల తరువాత తిరిగి తలుపు తట్టినవారికి దానిని చూపించవచ్చు.